గాలికొండ మీదికి గుంపుగా: సైకిల్ యాత్రపై ప్రశ్నలు, జవాబులు

విశాఖలో బయల్దేరి అనంతగిరి ఘాట్ ఎక్కి, అరకు, పాడేరు, చింతపల్లి, లంబసింగి చూసుకుని నర్సీపట్నం మీదుగా దిగివచ్చే చుట్టు గురించే ఈసారి ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. ఒకే తీరు ప్రశ్నల్ని కలిపేశాం. బండి కొనడం గురించి అడిగినవాళ్లకు విడిగా ఇంకోసారి.

ప్ర: మేం తొమ్మిది మందిమి, డిసెంబరులో ఈ చుట్టు తిరుగుదామనుకుంటున్నాం. మూడు రోజులు చాలని ఇద్దరు, ఐదు కావాలని మిగతావాళ్లు. ఎవరి మాట వినాలి?
— పాఠకుడు, గాజువాక

జ: ఐదు రోజుల వాళ్ల మాట వినండి. కారణం మొదటి రోజులోనే ఉంది. విశాఖ నుంచి అరకు దాదాపు 115 కి.మీ. అందులో శృంగవరపుకోట దాకా ఉన్న యాభై కిలోమీటర్లూ లెక్కలోకి రావు. బొడ్డవర దాటాక మొదలయ్యేదే అసలు పని. అక్కడి నుంచి గాలికొండ దాకా సుమారు 1,200 మీటర్ల ఎత్తు ఎక్కాలి. వారానికి రెండు మూడుసార్లు తొక్కే మామూలు మనిషి గంటకు నిలువుగా 400 మీటర్లు ఎక్కితే బాగా ఎక్కినట్టే. మీ గుంపులో నిదానస్తుడు 300 ఎక్కుతాడనుకోండి, ఘాట్ ఒక్కటే నాలుగు గంటలు. దానికి ముందు మైదానం రెండున్నర గంటలు, తర్వాత గాలికొండ నుంచి అరకు దాకా ఎత్తుపల్లాలు గంటన్నర, టిఫిన్లు, టీలు, పంక్చర్లు ఇంకో రెండు గంటలు. మొత్తం పది గంటలు. డిసెంబరులో అక్కడ వెలుగు పదకొండు గంటలే ఉంటుంది, సాయంత్రం ఐదున్నరకల్లా పొద్దుగూకుతుంది. అన్నీ సవ్యంగా జరిగితే చీకటి పడేలోపు చేరతారు. తొమ్మిది మందిలో అన్నీ సవ్యంగా జరిగే రోజు ఉండదు.

అందుకని మొదటి రాత్రి టైడాలోనో అనంతగిరిలోనో ఆగండి. రెండు చోట్లా పర్యాటక శాఖ బసలున్నాయి. రెండో రోజు పొద్దున్న చల్లటి వేళ మిగతా ఘాట్ ఎక్కి, గాలికొండ దగ్గర ఆగి, సుంకరిమెట్ట మీదుగా మధ్యాహ్నానికి అరకు దిగిపోవచ్చు. బొర్రా గుహలు ఈ రోజే చూడాలనుకుంటే ఒక మాట: గుహలకు వెళ్లే కొమ్మదారి పల్లానికి దిగుతుంది, దిగినంతా మళ్లీ ఎక్కాలి. సైకిళ్లు పైనే పెట్టి ఆటోలో వెళ్లిరావడం చేతగానితనమేం కాదు. మూడో రోజు డుంబ్రిగుడ, హుకుంపేట మీదుగా పాడేరు, 45 కి.మీ. ఉంటుంది. వలిసె చేలు పసుపు పచ్చగా విరగబూసే కాలమైతే ఈ ముక్క ఎంత నిదానంగా తొక్కితే అంత మంచిది. నాలుగో రోజు జి.మాడుగుల, చింతపల్లి మీదుగా లంబసింగి, అరవై పైచిలుకు. దూరం తక్కువే గానీ ఒక్క చోట కూడా సమంగా ఉండదు. రోజంతా ఎక్కడం, దిగడం. ఐదో రోజు ఘాట్ దిగి నర్సీపట్నం, అనకాపల్లి మీదుగా విశాఖ, ఇంచుమించు 120 కి.మీ. మొదటి పాతిక, ముప్పై కిలోమీటర్లు పల్లమే గనక అది కష్టం కాదు.

మధ్యలో ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే పాడేరు మంచి మలుపు. అక్కడి నుంచి నేరుగా ఘాట్ దిగి మాడుగుల, చోడవరం మీదుగా ఇంటిదారి పట్టొచ్చు. నర్సీపట్నం దాకా వచ్చాక రైలెక్కుదాం అనుకునేవాళ్లు మాత్రం నర్సీపట్నం రోడ్ అన్న స్టేషన్ పేరు చూసి మోసపోకండి, ఊరికీ దానికీ పాతిక కిలోమీటర్ల పైనే.

ఇంకొకటి. శనివారం పొద్దున కార్లన్నీ ఘాట్ ఎక్కుతాయి, ఆదివారం సాయంత్రం అన్నీ దిగుతాయి. మీరు సోమవారం బయల్దేరితే అదే రోడ్డు వేరే రోడ్డులా ఉంటుంది. ఆ దారిలో జాతీయ రహదారి విస్తరణ పనులు జరిగిన చోట్ల కంకర, బురద తగలొచ్చు. వారం ముందు అరకు, చింతపల్లి బసల వాళ్లకు ఫోన్ చేసి దారి ఎలా ఉందో కనుక్కోండి.

ప్ర: నా రోడ్ బైక్‌కి ముందు 50/34 పళ్లు, వెనక 11–28 పళ్లు. మా అన్నయ్యది మామూలు హైబ్రిడ్, ముందు మూడు పళ్ల చక్రాలు, వెనక ఏడు. ఆయన బండి ఘాట్ ఎక్కదని అందరూ వెక్కిరిస్తున్నారు. నిజమేనా?
— పాఠకురాలు, విజయనగరం

జ: వెక్కిరించేవాళ్లు ముందు పళ్లు లెక్కపెట్టుకోవాలి. మీ అన్నయ్య బండికి మామూలుగా వచ్చే 42/34/24, 14–28 అయితే, అన్నిటికన్నా తేలిక గేరు 24 కి 28. అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం 0.86 చుట్టు తిరుగుతుంది. మీ 34 కి 28 లో అది 1.21. బండి బరువైనా సరే, కొండ మీద ఆయన కాళ్లు మీ కాళ్ల కంటే సుఖపడతాయి.

లెక్క చూడండి. మనిషి, బండి, సామాను కలిపి 85 కిలోలు. ఆరు శాతం ఎత్తు. నిమిషానికి 60 చుట్ల కంటే తగ్గితే మోకాళ్ల మీద భారం పడుతుంది కనక దాన్నే హద్దుగా పెట్టుకుందాం. 34 కి 28 లో 60 చుట్లంటే గంటకు 9.3 కి.మీ., దానికి దాదాపు 150 వాట్లు కావాలి. వెనక 34 పళ్ల చక్రం పెడితే అదే 60 చుట్లకు 7.7 కి.మీ., 125 వాట్లు చాలు. ఆ పాతిక వాట్ల తేడా పది నిమిషాలకు తెలియదు, మూడు గంటలకు తెలుస్తుంది. 150 వాట్లు ఇవ్వలేని మనిషి చుట్లు తగ్గించుకుని 45 కి వస్తాడు. అప్పుడు ఊపిరి బాగానే ఉంటుంది గానీ మోకాలు పోతుంది. మర్నాడు పొద్దున మెట్లు దిగేటప్పుడు బయటపడుతుంది.

కాబట్టి మీరు 11–34 క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల గుత్తి) వేయించుకోండి. వేయించే ముందు వెనక డిరైలర్ (చైన్ని ఒక గేరు నుంచి ఇంకో గేరుకు జరిపేది) పంజరం పొట్టిదా, పొడుగుదా చూడండి. పొట్టిదైతే 34 పళ్లకు ఆగదు, డిరైలర్ కూడా మార్చాలి. పెద్ద క్యాసెట్‌కి పాత చైన్ పొడవు చాలదు. చాలకుండానే ముందు పెద్దది, వెనక పెద్దది కలిపి వేస్తే డిరైలర్ విరిగి స్పోకుల్లో పడుతుంది. ఎలాగూ విప్పారు గనక చైన్ సాగుడు కూడా కొలిపించండి: 11, 12 గేర్ల వాటికి 0.5 శాతం, 10 లోపు వాటికి 0.75 శాతం దాటితే మార్చేయాలి. కొత్త చైన్, కొత్త క్యాసెట్ వేసి నేరుగా యాత్రకు రావద్దు. కనీసం రెండు మూడు వందల కిలోమీటర్లు ఊళ్లో తిప్పండి, కేబుళ్లు సర్దుకుంటాయి.

వీపు సంచిలో సామాను మోసుకొస్తామని రాసినవాళ్లకు కూడా ఇక్కడే జవాబు: 85 కిలోల మీద ఇంకో ఐదు కిలోలు పెరిగితే ఎక్కడానికి దాదాపు ఆరు శాతం సమయం పెరుగుతుంది. నాలుగు గంటల ఘాట్‌లో పావుగంట. అది భరించవచ్చు, ఆ బరువు వీపు మీద ఉంటే మాత్రం భరించలేరు. క్యారియర్‌కో, సీటు వెనక సంచిలోకో మార్చండి.

ప్ర: లంబసింగి ఘాట్ దిగేటప్పుడు మా మిత్రుడి ట్యూబ్ పేలిపోయింది. మేకు లేదు, రాయి లేదు. బ్రేకుల వేడికి అలా అవుతుందా?
— పాఠకుడు, తుని

జ: రిమ్‌ను పట్టే బ్రేకులైతే అవుతుంది. 85 కిలోలు 900 మీటర్లు దిగితే 750 కిలోజౌళ్ల శక్తి ఎక్కడికో పోవాలి. కొంత గాలి తీసుకుంటుంది, మిగతాది రిమ్‌లో వేడిగా మారుతుంది. భయంతో వేగం 20 దాటనివ్వకుండా బ్రేకు నొక్కే ఉంచితే గాలి తీసుకునే వాటా బాగా తగ్గిపోతుంది, చాలావరకు రిమ్ మీదే. 30 డిగ్రీల టైరు 80 కి చేరితే 60 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలి 72 అవుతుంది. మంచి ట్యూబ్, మంచి టైరు దాన్ని తట్టుకుంటాయి. తట్టుకోలేనివి రెండున్నాయి: వేడికి మెత్తబడి పక్కకు జరిగే ప్లాస్టిక్ రిమ్ టేపు, జిగురు వదిలేసే పాత ప్యాచ్. మీ మిత్రుడి ట్యూబ్ దాచి ఉంటే చీలిక ఎటు ఉందో చూడండి. రిమ్ వైపున, స్పోకు రంధ్రం ఎదురుగా ఉంటే టేపు తప్పు. యాత్రకు ముందు బట్ట టేపు వేయించి, రెండు చక్రాల్లోనూ ప్యాచ్ లేని ట్యూబులు పెట్టండి. ప్యాచ్ వేసినవి సంచిలో ఉండనివ్వండి. కార్బన్ రిమ్ మీద పట్టే బ్రేకులున్న బండిని ఈ చుట్టుకు తేవద్దు.

దిగే పద్ధతి మార్చుకుంటే సగం సమస్య తీరుతుంది. తిన్నటి ముక్కలో నిటారుగా కూర్చోండి, ఛాతీయే మంచి బ్రేకు. మలుపు రాకముందే, బండి నిటారుగా ఉండగానే రెండు బ్రేకులూ గట్టిగా వేసి వేగం సగానికి తగ్గించండి, మలుపులో వదిలేయండి. మలుపు లోపల బ్రేకు వేస్తే చక్రం జారుతుంది, కంకర ఉన్నచోట తప్పకుండా జారుతుంది. మలుపు లోపలి పెడల్ పైకి, బయటి పెడల్ కిందికి. ఎడమవైపే ఉండాలి: మీ వరసలోకి వచ్చి మలుపు తిరిగే బస్సు హారన్ కొట్టే వస్తుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.

డిస్క్ బ్రేకుల్లో ట్యూబ్ పేలదు గానీ ప్యాడ్లు గాజులా నున్నబడి కీచుమంటాయి, పట్టు తగ్గుతుంది. మధ్యలో ఆగి చల్లారనివ్వండి. నీళ్లు పోయకండి, వేడి డిస్క్ వంకరపోతుంది. బయల్దేరేముందు ప్యాడ్ మందం ఒక మిల్లీమీటరుకు తక్కువుంటే మార్చేయండి. మార్చాక ఖాళీ రోడ్డు మీద గంటకు పాతిక కిలోమీటర్ల వేగం నుంచి నడక వేగానికి, పూర్తిగా ఆపకుండా, ఇరవై సార్లు తగ్గించండి. అది చేయకుండా కొత్త ప్యాడ్లతో ఘాట్ దిగడం పాత ప్యాడ్లతో దిగడం కంటే అన్యాయం. చైన్‌కు నూనె స్ప్రే కొట్టేటప్పుడు డిస్క్ మీద గుడ్డ కప్పండి.

లంబసింగి నుంచి తెల్లారకముందే దిగాలని సరదాపడేవాళ్లుంటారు. పొగమంచులో పదిహేను మీటర్ల ముందు ఏముందో కనిపించదు, చేతివేళ్లు కొంకర్లుపోయి బ్రేకు లివర్ అందదు. ఎనిమిది దాటాక, నిండు వేళ్ల గ్లవ్స్, గాలి ఆపే జాకెట్ వేసుకుని దిగండి. జాకెట్ లేకపోతే జెర్సీ లోపల ఛాతీకి రెండు దినపత్రికలు అడ్డం పెట్టుకోండి, బాగా పనిచేస్తుంది.

ప్ర: గాలి ఎంత కొట్టాలి?
— పాఠకుడు, ఏలూరు

జ: 75 కిలోల మనిషి, 32 మి.మీ. టైరు అయితే ముందు 55, వెనక 60 పీఎస్ఐ. 25 మి.మీ. అయితే ముందు 80, వెనక 85. ఎంటీబీ (కొండదారుల సైకిల్) 2.1 అంగుళాల టైరుకు తారురోడ్డు మీద 35–40. టైరు పక్కన రాసి ఉండేది గరిష్ఠం, అది కొట్టాల్సిన లెక్క కాదు.

ప్ర: మా గుంపులో వేగంగా తొక్కేవాళ్లు ముందుకు పోయి పైన కూర్చుంటారు. వెనకవాళ్లు చేరేసరికి వాళ్లు మళ్లీ బయల్దేరతారు. రోజూ ఇదే గొడవ.
— పాఠకురాలు, రాజమహేంద్రవరం

జ: ఈ గొడవ లేని గుంపు లేదు. ముందు వచ్చినవాళ్లకు అరగంట విశ్రాంతి, ఒళ్లు చల్లబడి చలి. చివరన వచ్చినవాళ్లకు విశ్రాంతి సున్నా. సాయంత్రానికి నిదానస్తుడు అందరికంటే తక్కువ ఆగి, అందరికంటే ఎక్కువ సేపు తొక్కినవాడవుతాడు. అందుకని ఒకే నియమం పెట్టుకోండి: చివరి మనిషి వచ్చి, నీళ్లు తాగి, కూర్చున్న పది నిమిషాల తర్వాతే ఎవరైనా కదలాలి. ఓపిక పట్టలేని వాళ్లు ముందుకు పోవచ్చు, కానీ తర్వాతి ఆగేచోటు దాటకూడదు. ఘాట్ మీద ఆ చోట్లు ముందే అనుకోండి. డముకు, అనంతగిరి, గాలికొండ సరిపోతాయి.

చివర ఒక మనిషి ఉండాలి, అతను ఎవరినీ దాటకూడదు. ఆ పని గట్టిగా తొక్కేవాడికే ఇవ్వండి, రోజుకొకరు మారండి. పంపు, ప్రథమ చికిత్స సామాను అతని దగ్గరే ఉండాలి. కూడలి వచ్చినప్పుడు వెనకాల వచ్చేవాడు కంటికి కనిపించేదాకా ముందువాడు కదలకూడదు. సిగ్నల్ అందని చోట్లు చాలా ఉన్నాయి, ఫోన్ చేసి కనుక్కుందాం అంటే కుదరదు.

తొమ్మిది మంది ఒకే వరసలో పోతే వెనక బస్సు దాటలేక విసుక్కుంటుంది. నలుగురు, ఐదుగురుగా విడిపోయి మధ్యలో వంద మీటర్లకు తగ్గకుండా ఖాళీ వదలండి. ఘాట్ మీద పక్కపక్కన తొక్కుతూ కబుర్లు వద్దు. మైదానంలో ముందువాడి వెనక గాలి చాటున తొక్కితే శ్రమ బాగా తగ్గుతుంది, అయితే మీ ముందు చక్రం అతని వెనక చక్రం పక్కకు వెళ్లకూడదు. తగిలితే పడేది వెనకవాడే. గంటకు పది కిలోమీటర్ల ఎక్కుడులో ఆ చాటు వల్ల లాభం లేదు, దూరంగా తొక్కండి. జీపు ఉంటే చివరి సైకిలు వెనకే పాకించవద్దు. ఐదారు కిలోమీటర్లు ముందుకెళ్లి రోడ్డు పక్క ఖాళీ చూసుకుని ఆగమనండి.

ప్ర: రెండో రోజు ఎండెక్కేసరికి వికారం, తలనొప్పి. నీళ్లు బాగానే తాగాను, గంటకు లీటరు పైనే. ఎందుకిలా?
— పాఠకుడు, కర్నూలు

జ: బాగానే కాదు, ఎక్కువే తాగారు. చలికాలం ఘాట్‌కు గంటకు 500 నుంచి 750 మిల్లీలీటర్లు చాలు. చెమటలో ఉప్పు పోతుంటే వట్టి నీళ్లు పోస్తూ ఉంటే రక్తంలో సోడియం పలచబడుతుంది. వికారం, తలనొప్పి, ఉంగరం బిగుసుకునేలా వేళ్లు ఉబ్బడం దాని గుర్తులు. మాట తడబడితే, మనిషి అయోమయంగా ఉంటే ఇంకో చుక్క నీళ్లు ఇవ్వకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. చిన్న సీసాలో చిక్కగా కలిపితే అదే వికారం తెస్తుంది. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచిన నీళ్లలో ఆరు టీ స్పూన్ల పంచదార, అర టీ స్పూను ఉప్పు, రెండూ తలగొట్టి కొలవండి. ఒక సీసాలో ఇది, ఇంకోదాంట్లో మామూలు నీళ్లు పెట్టుకోండి. సుగరు, బీపీ మందులు వాడేవాళ్లు ఈ నీళ్ల సంగతీ, మొత్తం యాత్ర సంగతీ డాక్టరుతో మాట్లాడాకే. ఇన్సులిన్ వాడేవాళ్లకు రోజంతా తొక్కిన రాత్రి నిద్రలో కూడా చక్కెర పడిపోవచ్చు.

తిండి విషయం. ఘాట్ ఎక్కడానికే మీ ఒంటికి అదనంగా వెయ్యి కేలరీల దాకా ఖర్చవుతుంది. ఆకలి వేశాక తింటే ఆలస్యమైనట్టే. గంటకు 50, 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవాలి: రెండు అరటిపళ్లు, లేదా ఒక అరటిపండుతో నలభై గ్రాముల గ్లూకోజు బిస్కట్లు. పల్లీ చిక్కీ మంచిదే గానీ నూనె, మాంసకృత్తులు ఎక్కువ, ఎక్కుడులో అరగదు, మైదానానికి దాచుకోండి. పొద్దున్న చోడి (రాగి) అంబలి, ఇడ్లీ. పూరీ, బజ్జీ వద్దు. బొంగు చికెన్ తినకుండా అరకు నుంచి వచ్చారంటే ఇంట్లో ఒప్పుకోరు, నిజమే. అది రాత్రి భోజనంలో పెట్టుకోండి, బొంగు మీ కళ్ల ముందు నిప్పుల మీద నుంచి దిగితేనే తినండి.

ప్ర: రెండు రోజుల తర్వాత సీటు దగ్గర ఒరుసుకుపోయి కూర్చోలేకపోతున్నాను. షార్ట్స్ ఉతికితే ఆరడం లేదు.
— పాఠకురాలు, భీమవరం

జ: ప్యాడ్ ఉన్న షార్ట్స్ లోపల ఇంకేం వేసుకోకూడదు, లోదుస్తుల కుట్టే ఒరుస్తుంది. బయల్దేరేముందు ఒరిసే చోట పెట్రోలియం జెల్లీ రాయండి. బసకు చేరిన పది నిమిషాల్లో స్నానం చేసి మార్చేయండి, తడి షార్ట్స్‌తో టీ కబుర్లకు కూర్చుంటేనే కురుపులు. అరకు, లంబసింగి మంచుకు బయట ఆరేసినవి పొద్దుటికి ఇంకా తడుస్తాయి. ఉతికిన షార్ట్స్‌ను పొడి తువాలులో చుట్టి, తువాలు మీద నిలబడి తొక్కి నీరు పిండి, గదిలో ఫ్యాన్ కింద ప్యాడ్ పైకి తిప్పి ఆరేయండి. మూడు జతలుంటే నిశ్చింత. నొప్పి ఎప్పుడూ ఒకవైపే వస్తుంటే అది బట్టల సమస్య కాదు, సీటు ఎత్తు ఎక్కువై తుంటి ఊగుతోంది. అయిదు మిల్లీమీటర్లు దించి చూడండి. నెలసరి రోజులైతే మామూలు శానిటరీ ప్యాడ్ అంచులు ఒరుస్తాయి, మెన్‌స్ట్రువల్ కప్పు అలవాటున్నవాళ్లకు తేలిక. కొత్తగా అలవాటు చేసుకోవడానికి మాత్రం యాత్ర సమయం కాదు.

ప్ర: విడి సామాను ఏం తేవాలి? దారిలో సైకిల్ షాపులుంటాయి కదా?
— పాఠకుడు, ఖమ్మం

జ: శృంగవరపుకోట, అరకు, పాడేరుల్లో పంక్చర్ వేసేవాళ్లు దొరుకుతారు, వాళ్ల దగ్గర ఉండేవి మామూలు సైకిళ్ల ట్యూబులు. 700 సైజు, సన్న వాల్వు ట్యూబ్ దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. ఒక్కొక్కరూ రెండు ట్యూబులు, టైరు విప్పే లివర్లు, ప్యాచులు, తమ చైన్‌కి సరిపోయే క్విక్ లింక్ (తెగిన చైన్ కొసల్ని కలిపేది), తమ బండి డిరైలర్ హ్యాంగర్ (డిరైలర్ని ఫ్రేముకు పట్టి ఉంచే ముక్క) తెచ్చుకోవాలి. హ్యాంగర్ బండిబండికీ వేరు, పక్కవాడిది పనికిరాదు. బండి కుడివైపు పడితే ముందు వంగేది అదే. గుంపు మొత్తానికి చైన్ విప్పే పనిముట్టు, రెండు మంచి పంపులు, బ్రేక్ కేబుల్, గేర్ కేబుల్, కరెంటు టేపు, పాత టైరు ముక్క. టైరు కోసుకుపోతే ఆ ముక్క లోపల పెట్టి ట్యూబ్ ఎక్కించవచ్చు.

ప్ర: సికింద్రాబాద్ నుంచి రైల్లో సైకిళ్లు తేవడం ఎలా?
— పాఠకుడు, నల్లగొండ

జ: మీరు ఎక్కే రైల్లోనే టికెట్ చూపించి లగేజీగా బుక్ చేయండి. రెండు గంటలు ముందు పార్సిల్ ఆఫీసుకు వెళ్లాలి. గుర్తింపు కార్డు నకలు ఉంచుకోండి. హ్యాండిల్ తిప్పి, పెడల్స్ విప్పి, అట్టలతో, గోనెతో కట్టండి. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, బలం చూపించి పాడుచేయవద్దు. డిస్క్ బ్రేకుల బండి చక్రం విప్పితే ప్యాడ్ల మధ్య అట్టముక్క పెట్టండి, లేకపోతే ఎవరో లివర్ నొక్కేసరికి ప్యాడ్లు అతుక్కుపోతాయి. డిరైలర్ వైపు పైకి ఉండేలా పేర్చమని కూలీకి చెప్పండి, దాని మీదే పేరు, దిగే స్టేషన్, పీఎన్ఆర్ పెద్ద అక్షరాల్లో రాయండి. విశాఖలో దిగాక ఆఫీసులో ఆలస్యం అవుతుంది, ఆ రోజే బయల్దేరే పథకం వేసుకోవద్దు.

ప్ర: మా నాన్నగారు బ్యాటరీ సైకిలుతో వస్తానంటున్నారు. ఘాట్ ఎక్కుతుందా?
— పాఠకురాలు, గుంటూరు

జ: మనిషి, బండి కలిపి 105 కిలోలనుకుంటే 1,200 మీటర్లు ఎక్కడానికి దాదాపు 345 వాట్ అవర్లు కావాలి. మోటారులో కొంత వృథా పోతుంది గనక 400 వాట్ అవర్ల బ్యాటరీ ఒక్కటే లాగితే గాలికొండ చేరకుండానే అయిపోతుంది. నాన్నగారు సగం తొక్కితే అనంతగిరి దాకా సుఖంగా వస్తారు, రాత్రి బసలో ఛార్జింగ్ పెట్టుకోవచ్చు. మైదానంలో శృంగవరపుకోట దాకా మోటారు ఆపేసి తొక్కమనండి.